పెట్టే చెయ్యి

తలుపు మీద మూడుసార్లు కొట్టారు. కుక్క మొరగలేదు.

పెద్దకోడలి కాలు కుట్టుమిషను పెడలు మీద ఆగిపోయింది. గాలికి గొళ్ళెం కదిలినా ఇల్లెగిరిపోయేలా అరిచే కుక్క అది. ఊరికే పెట్టలేదు దానికి దండోరా అని పేరు. ఇవాళ ఆ దండోరా ముందుకాళ్ళు దగ్గరకు లాక్కుని, చెవులు నిక్కించి, గుమ్మం వైపు కాకుండా చిన్నకోడలి చేతి వైపు చూస్తూ కూర్చుంది.

చిన్నకోడలు గోడకు ఆనుకుని నిలబడి ఒక్కొక్క వేలే మడుస్తోంది. చిన్నపిల్లల బడిలో పంతులమ్మ ఆమె. బడి బ్యాగు భుజానికి తగిలించుకుని, వెళ్ళబోతూ వెళ్ళబోతూ ఆగింది. నోట మాట లేదు. వేళ్ళే మాట్లాడుతున్నాయి.

పెద్దకోడలు చప్పున మొహం తిప్పేసుకుంది. సోమవారం ఒక్క వేలు మడిచి రస్కు ముక్క పెట్టడం చూసింది. మంగళవారం నుంచి చూడటం మానేసింది. ఆ వేళ్ళు మడుస్తుంటే తన గుండెలో ఎవరో గుండుసూదులు గుచ్చుతున్నట్టుంటుంది మరి.

"మంచి పిల్ల!" అన్న మాట, ఆ వెనకే రస్కు కరకరమన్న చప్పుడు వినబడ్డాయి.

తలుపు తీస్తే ఫోటోస్టూడియో ఆవిడ, చేతిలో కూతురి గౌను. "అమ్మయ్య! ఇన్నాళ్ళకు గుండె చేత్తో పట్టుకోకుండా మీ గుమ్మం ఎక్కాను. కుక్కను మార్చారా ఏమిటి?"

"కుక్క అదే" అంది అత్తగారు, మంచం మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ. "మేష్టరు మారింది."

చిన్నకోడలు నవ్వి, చెప్పులేసుకుని బడికి వెళ్ళిపోయింది. దండోరా వీధి మలుపు దాకా ఆమెను కళ్ళతోనే సాగనంపింది.

"చూశావా, ఎలా చూస్తోందో!" అంది ఫోటోస్టూడియో ఆవిడ. "కన్నతల్లిని చూసినట్టు."

పెద్దకోడలు మళ్ళీ మిషను మీదికి వంగింది. మిషను తొక్కింది. గబగబా తొక్కింది. గౌను ఇచ్చిన మనిషి వెళ్ళిపోయిన తర్వాత గానీ చూసుకోలేదు, పొద్దుటినుంచి కుడుతున్న బడిపిల్లాడి చొక్కాకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు అతికించేసింది. పద్దెనిమిదేళ్ళ పనిలో అలాంటి పొరపాటు ఇదే మొదలు.

బ్లేడు తీసుకుని ఒక్కొక్క కుట్టే విప్పుతూ కూర్చుంది.

*

పోయిన ఆదివారం ఇల్లుగలాయన చెప్పిన మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. "మేడ మీద నర్సమ్మ రాత్రంతా ఆసుపత్రిలో నిలబడి వస్తుంది. పగలు నిద్రపోవద్దా? శనివారం పదింటికి వచ్చి ఇక్కడే కూర్చుంటాను. తలుపు కొట్టిస్తాను. మొరిగిందా, ఆ సాయంత్రమే మా కోళ్ళఫారానికి. గొలుసేసి గేటు దగ్గర కట్టేస్తారు. అక్కడ ఎంత మొరిగితే అంత మేలు."

ఆ రాత్రి పెద్దకోడలు అన్నం ముట్టలేదు. లారీ తోలే మొగుడు ఆరు రోజులు రోడ్డు మీద, ఒక్క రోజు ఇంట్లో. మూడేళ్ళ కిందట ఆయనే ఆ కుక్కను పెట్రోలుబంకు వెనక దొరికిందని క్యారేజీ సంచీలో వేసుకొచ్చి, "ఆరు రోజులూ నా బదులు ఇది అరుస్తుందిలే" అని ఆమె ఒళ్ళో పెట్టాడు. అప్పటినుంచీ మిషను కింద ఆమె పాదాల మీద తల పెట్టుకునే పెరిగింది.

అన్నం ముట్టని ఆమె దగ్గరకొచ్చి చిన్నకోడలు అడిగింది. "అక్కా, అది మొరిగినప్పుడు నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను? గిరాకీలతో మాట్లాడాలిగా. ఓ బిస్కెట్టు పడేస్తాను. తింటూ నోరు మూసుకుంటుంది."

చిన్నకోడలు చాప అంచు సర్దింది. చెప్పాలా వద్దా అన్నట్టు. చివరికి మెల్లగా అంది. "మొరిగినప్పుడు కాదక్కా, ఊరుకున్నప్పుడు పెట్టాలి."

మాట చిన్నదే. కానీ అత్తగారి చెవిన పడింది. "అంటే మూడేళ్ళుగా మొరగడానికి జీతమిచ్చి పెట్టుకున్నావన్నమాట పెద్దదానా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. మరిది నవ్వాడు. చిన్నకోడలు నవ్వలేదు. ఆమె నవ్వకపోవడమే పెద్దకోడలికి ఎక్కువ మండింది. నవ్వితే ఓ మాట అని దులిపేసుకునేది. జాలిని దులుపుకోవడం ఎలా?

అప్పుడు చిన్నకోడలు పెట్టిందే ఈ నియమం. వారం రోజులు దండోరాకు తిండి ఒక్క చేతి నుంచే అందాలి. మిగతా చేతులన్నీ ఖాళీ. తలుపు చప్పుడయ్యాక వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి, అంతసేపూ ఊరుకుంటేనే ముక్క పెట్టాలి, రోజురోజుకీ లెక్క పెంచుతూ. పది చేతులు పెడితే పది చదువులు నేర్చుకుంటుందట.

ఆ ఒక్క చెయ్యి ఎవరిదో ఎవరూ చర్చించలేదు. అడగనైనా అడగలేదు.

*

గురువారం సాయంత్రం లారీ ఆయన ఫోను చేశాడు. ఎక్కడో హారన్ల మధ్య నుంచి మాట.

"తిన్నావా?"

"ఆఁ."

"దండోరా ఎలా ఉంది? మరదలు చెప్పినట్టల్లా వింటోందటగా! తమ్ముడు చెప్పాడు. భలే పిల్లే."

"ఆఁ."

"ఏమిటా ఆఁలు? సంతోషంగా లేదా? కుక్క మనకే దక్కుతుంది."

"మనకా?" అంది పెద్దకోడలు. ఆ మాట ఆయనకు హారన్లలో వినబడలేదు.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి మరిది చాప మీద కూర్చుని కుక్క తల నిమురుతున్నాడు. "వదినా, మా ఆవిడ చెయ్యి పడితే కుక్క కూడా మనిషవుతుంది!"

"నువ్వెప్పుడవుతావో మరి" అంది పెద్దకోడలు. అందరూ నవ్వారు. మరిది అందరికన్నా పెద్దగా నవ్వాడు. ఆమె మాత్రం ఆ మాటను నవ్వించడానికి అనలేదు.

చిన్నకోడలు ఒక్కతే గ్రహించినట్టుంది. వంటింట్లోకి వచ్చి, గిన్నెలు కడుగుతున్న ఆమె పక్కన నిలబడి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

"అక్కా, కోపమా?"

"నాకెందుకమ్మా కోపం?"

"రెండు రోజులే. ఆ తర్వాత నువ్వే పెడుదువుగాని."

"నువ్వు పెట్టమంటే పెడతాను. వద్దంటే మానేస్తాను. దాని పంతులమ్మవు కదా."

చిన్నకోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. 

*

శుక్రవారం మధ్యాహ్నం.

అత్తగారు గోడవైపు తిరిగి కునుకు తీస్తోంది. మరిది టైర్ల కొట్టుకు, చిన్నకోడలు బడికి వెళ్ళారు. మేడ మీద నర్సమ్మ కిటికీకి నల్లటి తెర దించి ఉంది.

మిషను కింద చోటు ఖాళీగా ఉంది.

దండోరా చిన్నకోడలి గది గుమ్మంలో పడుకుంది. ఆమె ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పు మీద గడ్డం ఆనించి, కళ్ళు సగం మూసింది.

పెద్దకోడలు ఆ చెప్పు వైపే చూస్తూ కూర్చుంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మనుషులకే అనుకుంది ఇన్నాళ్ళూ. జబ్బు చేస్తే ఒళ్ళో పెట్టుకుని మందు పట్టినదెవరు? ఉరుములకు వణికితే మిషను గుడ్డ కప్పినదెవరు? మూడేళ్ళ పాదాలను, ఈ ఇంటికి కోడలై వచ్చి నాలుగు నెలలైనా నిండని మనిషి చెప్పు గెలిచేసింది.

"ఇలా రా" అంది.

కుక్క కళ్ళు తెరిచి, తోక ఒకసారి నేలకేసి కొట్టి, మళ్ళీ మూసుకుంది.

ఆమె మిషను సొరుగు లాగింది. దారపు ఉండల వెనక ఉంది పాత పొట్లం. నువ్వుల బిస్కెట్లు. ఆదివారం నుంచి ముట్టుకోలేదు. పొట్లం గలగలమనగానే దండోరా తల లేచింది.

ఆమె మిషను బల్ల మీద వేలి కణుపుతో కొట్టింది. టక్, టక్, టక్.

కుక్క ఒళ్ళంతా బిగుసుకుంది. కానీ మొరగలేదు. వచ్చి ఎదురుగా కూర్చుని ఆమె చేతి వేళ్ళకేసి చూసింది. వేళ్ళు మడుస్తుందేమోనని చూసింది.

ఆ చూపు చూసి ఒళ్ళు మండిపోయింది ఆమెకు. తన చేతిలో కూడా దానికి ఆ చెయ్యే కావాలా?

"మొరుగు" అంది మెల్లగా.

కుక్క తల పక్కకు వాల్చింది.

"మొరగవే. నా దగ్గర మొరగడానికి భయమేమిటే నీకు? మొరుగు!"

టక్, టక్, టక్.

గొంతులో చిన్న గురగుర. తర్వాత ఒక్క అరుపు, సిగ్గుపడుతున్నట్టు. ఆమె బిస్కెట్టు విరిచి పెట్టింది. రెండో అరుపు కాస్త ధైర్యంగా వచ్చింది. మళ్ళీ పెట్టింది. మూడోదానికి కట్ట తెగింది. నాలుగు రోజులుగా మింగిన అరుపులన్నీ ఒక్కసారి బయటపడ్డట్టు, తోక ఊపుకుంటూ, ఆమె మోకాళ్ళ మీద కాళ్ళు వేసి, మొహం నాకుతూ, మొరిగింది, మొరిగింది. ఆమె దాని మెడ చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

పైన కిటికీ రెక్క దబ్బుమంది.

అత్తగారు ఉలిక్కిపడి లేచింది. "ఏమయిందే? ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు" అంది పెద్దకోడలు, పొట్లం సొరుగులోకి తోసేస్తూ. ఆ ఒక్క మాట మాత్రం నిజమే.

మెట్ల మీద అడుగులు. నర్సమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. జుట్టు విడిపోయి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అరుస్తుందనుకుంది పెద్దకోడలు. అరిచినా బాగుండేది.

"నాలుగు రోజులు నిద్రపోయానమ్మా" అంది నర్సమ్మ. "ఈ ఇంట్లో చేరాక ఆ నాలుగు రోజులే. ఈ పూట ఇల్లుగలాయనకు ఫోను చేసి, రేపు రావద్దు, నాకే ఇబ్బందీ లేదు అని చెబుదామనుకుని పడుకున్నాను."

ఆగింది. కుక్క వైపు చూసింది. అది ఆమెకు కూడా తోక ఊపింది.

"ఇప్పుడేం చెప్పను? మీరే చెప్పండి."

ఆమె వెళ్ళిపోయింది.

*

బడి నుంచి వచ్చిన చిన్నకోడలికి అత్తగారే గుమ్మంలో ఎదురెళ్ళి చెప్పింది. మరిది వచ్చాక మళ్ళీ ఇంకోసారి, ఇంకొంచెం ఉప్పూకారం వేసి చెప్పింది.

"పంతులమ్మ పాఠం మూణ్ణాళ్ళ ముచ్చటే అయిందిరా. ఎవరూ రాకపోయినా గోడలు బద్దలయ్యేలా అరిచింది. ఇన్నాళ్ళదీ కలిపి అరిచింది."

మరిది మొహం మాడిపోయింది. పొద్దున టైర్ల కొట్లో పది మందికి పెళ్ళాం గొప్ప చెప్పుకుని వచ్చాడు. "నీకు చేతకానప్పుడు తలకెత్తుకోవడం ఎందుకు? వదిన ఎలాగో తన తంటాలు తను పడేది. నీ వేళ్ళూ, నీ లెక్కలూ!"

"ఎక్కడో నేనే తప్పు చేసుంటాను" అంది చిన్నకోడలు. "పొద్దున తొందరలో..."

"తప్పు చేసి తీరిగ్గా చెప్పు. రేపు కోళ్ళఫారం వాళ్ళకూ చెప్పు."

పెద్దకోడలు కాజాలు కుడుతోంది. సూది గుచ్చడం, తీయడం. వారమంతా వినాలనుకున్న మాటలే ఇవి. చెవిన పడ్డాక తెలిసింది, ఆకలేసిందని గరిటెడు సున్నం మింగినట్టుంది. కడుపు నిండలేదు సరికదా, మండుతోంది. నేనే పెట్టాను అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. దారం కొరికి, దాంతోపాటే మింగేసింది.

చిన్నకోడలు కుక్క దగ్గర చతికిలబడింది. "ఏమైందే నీకు?" అని దాని గడ్డం పట్టుకుని పైకెత్తింది.

అక్కడ చెయ్యి ఆగింది.

మీసాల మధ్య, తడిసిన వెంట్రుకలకు రెండు నువ్వు గింజలు అంటుకుని ఉన్నాయి. ఈ ఇంట్లో నువ్వుల బిస్కెట్టు ఒక్క సొరుగులోనే ఉంటుంది.

పెద్దకోడలి సూది గుడ్డలో సగం దాకా దిగి నిలిచిపోయింది.

చిన్నకోడలు తలెత్తి చూడలేదు. మొగుడు అటు తిరిగి చొక్కా విప్పుకుంటున్నాడు. అతను ఇటు తిరిగేలోగా బొటనవేలితో ఆ రెండు గింజలనూ మెల్లగా తీసేసి, చెంగుకు తుడుచుకుంది.

చాలాసేపటికి లేచి వచ్చి మిషను పక్కన నిలబడింది.

"అక్కా. రేపు నీ చేత్తోనే పెట్టాలి."

పెద్దకోడలు తలెత్తింది. "నేనా?"

"అది నీ కుక్క. నీ మాటే దానికి మొదటి మాట. నేను ఇంట్లో ఉంటే ఎవరి చెయ్యి చూడాలో తెలియక తికమకపడుతుంది. నేను పైకి వెళ్ళి నర్సమ్మగారి దగ్గర కూర్చుంటాను." రస్కు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఈ పొద్దున ఎన్ని వేళ్ళకు పెట్టానో రేపూ అన్నింటికే. ముందే పెడితే తినేసి ఇంకోటి అడుగుతుంది. అది అడగడమంటే మొరగడమేగా. లెక్క దాటిపోతే ఓపిక తప్పుతుంది. రోజూ ఎదురుగానే ఉన్నావు. చూశావుగా?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే పెద్దకోడలు మెడ నిటారుగా పెట్టింది.

"చూడకేం? కళ్ళు లేవా నాకు?"

"చెప్పమంటే మళ్ళీ చెబుతాను."

"తెలుసన్నానుగా!"

*

శనివారం పది కొట్టకముందే ఇల్లుగలాయన వచ్చాడు. మిషను పక్కన కుర్చీ వేయించుకుని, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. వీధిలో కోళ్ళఫారం వ్యాను ఆగి ఉంది. వెనక ఖాళీ బుట్టలు, వాటి మీద చుట్ట చుట్టి పెట్టిన గొలుసు.

"పంతులమ్మ ఏది?"

"పైనుంది" అన్నాడు మరిది.

"మరి చేయించేదెవరు?"

"నేను" అంది పెద్దకోడలు.

దండోరా ఆమె ముందు కూర్చుంది. మేడ మీద కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్కడ ఇద్దరు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఇక్కడేం జరిగినా వాళ్ళకు వినబడుతుంది. ఏమీ జరగకపోయినా వినబడుతుంది.

"ఎవరైనా బయటికెళ్ళి తలుపు కొట్టండి" అన్నాడు ఇల్లుగలాయన.

అత్తగారు లేచింది. "నేనున్న ఇంటి తలుపు నేనే కొట్టుకోవాల్సి వచ్చింది. ఏం రోజులొచ్చాయమ్మా!" అని గొణుక్కుంటూ బయటికెళ్ళి తలుపు మూసుకుంది.

టక్, టక్, టక్.

కుక్క ఒళ్ళు బిగుసుకుంది. గుమ్మం వైపు చూసింది. పైకప్పు వైపు చూసింది. తర్వాత తిరిగి ఆమె వైపు చూసింది. వారమంతా ఏ చూపు కోసం కుమిలిపోయిందో ఆ చూపే. కళ్ళ నిండా తనే. దాని కంట్లో ఇంకెవరూ లేరు.

పెద్దకోడలు చెయ్యి పైకెత్తింది. చిటికెనవేలు మడిచింది. ఉంగరపు వేలు. మధ్యవేలు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఎన్నో వేలికి పెట్టాలో తను చూడలేదు. సోమవారం తర్వాత ఒక్కసారీ చూడలేదు. అయిదా? అయిదు దాటి రెండో చేతికి వెళ్తుందా? నాలుగేనా? ప్రతి పొద్దునా కళ్ళెదుటే జరిగింది. ప్రతి పొద్దునా మొహం తిప్పుకుంది.

చూపుడువేలు మడిచింది. దండోరా ముక్కు ఆ వేలి వెంటే కదిలింది. గొంతులో సన్నటి గురగుర మొదలైంది. నిన్న తను బిస్కెట్టు పెట్టి మేలుకొలిపిన గురగుర అది.

"కొట్టనా ఇంకోసారి?" అని బయటినుంచి అత్తగారి గొంతు.

"కొట్టండి" అన్నాడు ఇల్లుగలాయన.

పెద్దకోడలి కళ్ళు ఒక్కసారి పైకప్పు మీదికి పోయాయి. పిలిస్తే పలుకుతుంది. ఒక్క మాట అడిగితే చెబుతుంది. అడగాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి, చూడనే లేదని, ఇంతమంది ముందు.

"చెల్లీ..." అంది. గొంతు గది దాటలేదు.

తలుపు మీద మళ్ళీ పడింది. టక్, టక్.

బొటనవేలు ఒక్కటే మిగిలి నిలబడి ఉంది. ఆమె రెండో చెయ్యి డబ్బాలో రస్కు ముక్క మీద బిగుసుకుంది.

దండోరా నోరు తెరిచింది.